ఎండల్లో గాలివాన హెచ్చరికలు: వరంగల్ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నర్సంపేట దగ్గర మా పొలం, హనుమకొండలో ఇల్లు. మేడ మీద వర్షమానిని, వరండాలో థర్మామీటర్ పెట్టుకుని రోజూ నోట్‌బుక్‌లో రాసుకునే పిచ్చి నాది. అందుకే మార్చి దాటిందంటే చుట్టాలు, పక్కింటివాళ్లు, ఊళ్లో కౌలు చేసే తమ్ముళ్లు ఫోన్ చేసి "అన్నా, ఇయ్యాల వస్తదా?" అని అడుగుతారు. ఏటా అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

నెల రోజులుగా చుక్క లేదు. ఇంత ఎండల్లో ఉన్నట్టుండి గాలివాన ఎక్కడి నుంచి వస్తుంది?

దానికి మూడు కలవాలి: నేల దగ్గర వేడి, గాలిలో తేమ, ఆ గాలిని పైకి లేపే ఒక కారణం. వేడికి మన దగ్గర కొదవ లేదు. ఏప్రిల్ చివరికి వరంగల్‌లో 41, 42 డిగ్రీలు మామూలే, రామగుండం, మంచిర్యాల వైపు 45 కూడా చూస్తుంటాం. లేనిదల్లా తేమ. వాయవ్యం నుంచి విదర్భ మీదుగా పొడి గాలి వీస్తున్నన్నాళ్లు ఎంత ఎండ కాసినా మొగులు కాదు, వడగాలే. గాలి తిరిగి ఆగ్నేయం నుంచి, అంటే బంగాళాఖాతం వైపు నుంచి వీచిన రోజున కథ మారుతుంది. "విదర్భ నుంచి తమిళనాడు వరకు ద్రోణి" అని వార్తల్లో వింటుంటారు కదా, ఈ రెండు గాలులు ఒరుసుకునే గీత సాధారణంగా అదే. ఆ గీత మనకు దగ్గరగా ఉంటే మధ్యాహ్నానికల్లా క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుముల మేఘాలు, 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు లేస్తాయి. అన్ని రోజులు కాసిన ఎండ ఆ మేఘానికి వంటచెరుకులా పనికొస్తుంది.

ఇవాళ వాన లేస్తుందో లేదో పొద్దున్నే చెప్పే గుర్తులు ఏమైనా ఉన్నాయా?

కచ్చితంగా చెప్పేవి లేవు. నేను చూసే గుర్తు మాత్రం ఒకటుంది, వింటే నవ్వుతారు: ఎయిర్ కూలర్. పొడి గాలి రోజుల్లో కూలర్ గదిని ఇట్టే చల్లబరుస్తుంది, గడ్డి తడి గబగబా ఆరిపోతుంది, ట్యాంకు పూటపూటకూ నింపాలి. ఒక రోజు అదే కూలర్, అవే నీళ్లు, అయినా గాలి జిగటగా వస్తుంది, మెడ కింద చెమట ఆరదు, దండెం మీది బనియన్ పదకొండయినా తడిగానే ఉంటుంది. తేమ వచ్చేసిందని అర్థం. అలాంటి రోజున మధ్యాహ్నం రెండింటికి మేడెక్కి చూడండి. తెల్లటి దూదికుప్పలు గోబీపువ్వులా అంచులు పదునుగా, చూస్తుండగానే పైకి పెరుగుతుంటే జాగ్రత్త పడాలి. ఆ కుప్ప తల పైన బల్లపరుపుగా విచ్చుకుందంటే అది అప్పటికే ఎక్కడో కురుస్తోంది.

ఈ కాలంలో పై గాలులు ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచి ఉంటాయి. అందుకే జనగామ, సిద్దిపేట, కరీంనగర్ దిక్కున నల్లబడితే పట్టించుకోవాలి. తూర్పున ములుగు అడవుల మీద మెరిసేది చాలాసార్లు మనల్ని దాటిపోయిందే. ఎప్పుడూ అంతే అని మాత్రం అనుకోవద్దు.

ఎల్లో, ఆరెంజ్, రెడ్: ఈ రంగులకు అసలు అర్థం ఏమిటి?

భారత వాతావరణ శాఖ వాడేవి నాలుగు రంగులు. గ్రీన్ అంటే హెచ్చరిక ఏమీ లేదు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి. రెడ్ అంటే ఇక చేయాల్సింది చేసేయండి. ఎంత వాన పడుతుందన్న దాన్నొక్కదాన్నే చూసి రంగు ఇవ్వరు, నష్టం ఎంత జరగొచ్చు, జరిగే అవకాశం ఎంత అన్నవి రెండూ కలిపి చూస్తారు. కాబట్టి ఎండాకాలం ఎల్లోలో వాన పది మిల్లీమీటర్లే ఉండొచ్చు, దాంతోపాటు 40-50 కిలోమీటర్ల ఈదురుగాలి, ఒక పిడుగు ఉండొచ్చు. నష్టం చేసేవి ఆ రెండే.

నిన్న ఆరెంజ్ అలర్ట్ అన్నారు, మా ఊళ్లో ఒక్క చుక్క పడలేదు. ఇక ఎందుకు నమ్మాలి?

ఎక్కువ మంది అడిగేది ఇదే. ఎక్కువ కోపంగా అడిగేదీ ఇదే.

హెచ్చరిక జిల్లాకు ఇస్తారు, వాన ఊరికి పడుతుంది. వేసవి మేఘం ఒకటి అయిదారు కిలోమీటర్ల వెడల్పు, మహా అయితే పది, పదిహేను ఉంటుంది. గంటలోపే పుట్టి పోతుంది. బులెటిన్‌లో "అక్కడక్కడ" అనే మాట ఉంటుంది, దాన్ని మనం చదవకుండా దాటేస్తాం. ఆ మాటకు లెక్క ఉంది: ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వరకు పడొచ్చని. "కొన్ని చోట్ల" అంటే దానికి పైన సగం వరకు, "చాలా చోట్ల" అంటే సగం దాటి ముప్పావు వరకు. అంటే "అక్కడక్కడ" అన్న రోజున నూటికి డెబ్బై అయిదు ఊళ్లు ఎండిపోయి ఉన్నా ఆ మాట తప్పు కాదు. పర్వతగిరిలో రేకులు లేచిపోయిన సాయంత్రమే వర్ధన్నపేటలో దుమ్ము తప్ప ఏమీ రాకపోవచ్చు.

హెచ్చరికలు తప్పే రోజులు లేవని అనడం లేదు. తేమ వస్తుందనుకున్న గాలి రాకపోతే మొత్తం లెక్క తలకిందులవుతుంది. అయితే నాలుగుసార్లు రాలేదని అయిదోసారి వడ్ల మీద కప్పే పరదా మడిచి ఇంట్లో పెట్టుకునే అలవాటు ఒకటుంది చూశారూ, నష్టపోయిన వాళ్లలో ఎక్కువ మంది దగ్గర నేను విన్నది అదే.

ఒకే రోజు వడగాలుల హెచ్చరిక, ఉరుముల వాన హెచ్చరిక రెండూ ఇస్తున్నారు. ఏదో ఒకటే కదా నిజం?

రెండూ నిజమే. మధ్యాహ్నం మూడు వరకు వడగాలి, అయిదింటికి గాలివాన. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువ ఉంటే వడగాలి అంటారు, 45 తాకితే ఆ పోలిక కూడా అక్కర్లేదు. అంత వేడికి తేమ తోడైతే మేఘం ఇంకా బలంగా లేస్తుంది. అలాంటి రోజున పొద్దంతా మంచినీళ్లు, మజ్జిగ మర్చిపోకండి. సాయంత్రం చల్లబడుతుందిలే అని మిట్టమధ్యాహ్నం పని పెట్టుకుంటే వడదెబ్బే.

బులెటిన్‌లో "రేపు" అంటే ఎప్పటి నుంచి ఎప్పటి వరకు?

ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. వాతావరణ శాఖ రోజు అలాగే మొదలవుతుంది. శుక్రవారం హెచ్చరిక ఉండి, రాత్రి పన్నెండు దాటాక రెండు గంటలకు వాన పడితే అది శుక్రవారం లెక్కలోదే. "శనివారం ఏమీ లేదన్నారు, శనివారం తెల్లవారకముందే కొట్టింది" అనే గొడవలు సగం ఇక్కడే తీరిపోతాయి.

సరే, రోజంతా ఫోన్ చూస్తూ కూర్చోలేం. ఏ హెచ్చరిక ఎప్పుడు చూడాలి?

రెండు పూటలు చాలు. పొద్దున జిల్లా హెచ్చరిక చూడండి. అది ఏర్పాట్ల కోసం: పరదాలు కుప్ప దగ్గరికి చేర్చాలా, మామిడి కోత ఇవాళే పెట్టాలా, కూలీలను ఎన్నింటికి ఇంటికి పంపాలి. మధ్యాహ్నం రెండు తర్వాత, రాబోయే మూడు గంటల కోసం ఇచ్చే హెచ్చరిక చూడండి. దీన్ని నౌకాస్ట్ అంటారు. రాడార్‌లో మేఘం కనిపించాక ఇస్తారు కాబట్టి నమ్మకం ఎక్కువ, చేతిలో ఉండే టైం తక్కువ. మన దగ్గర వేసవి వానలు ఎక్కువగా మధ్యాహ్నం మూడుకూ రాత్రి తొమ్మిదికీ మధ్య వస్తాయి.

యాప్‌లలో "మౌసమ్" వాతావరణ శాఖది. "మేఘదూత్" రైతుల కోసం, తెలుగులో ఉంటుంది. "దామిని" పిడుగుల కోసం పుణెలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) తయారు చేసింది. మీరున్న చోటు నుంచి 20, 40 కిలోమీటర్ల వలయాల్లో గత కొద్ది నిమిషాల్లో పిడుగులు ఎక్కడ పడ్డాయో చూపిస్తుంది. గొర్రెల కాపరి ఫోన్‌లో ఒక్కటే యాప్ ఉండాలంటే నేను దామినినే వేస్తాను. "సచేత్" జాతీయ విపత్తు నిర్వహణ సంస్థది. ఇక వాన పడ్డాక ఏ మండలంలో ఎంత పడిందో చూడాలంటే తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ లెక్కలు చూడండి. రాష్ట్రమంతా వాళ్ల ఆటోమేటిక్ కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి.

రాడార్ బొమ్మలో మా మీద ఏమీ లేదు, బయట మాత్రం ఒకటే గాలి. ఎందుకలా?

మనకు చూపు ఇచ్చేది హైదరాబాద్ రాడార్. దాని కిరణం తిన్నగా పోతుంది, భూమి వంగి ఉంటుంది. వరంగల్ దగ్గరికి వచ్చేసరికి అన్నిటికన్నా కింది కిరణం కూడా నేలకు రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో పోతుంది, ఏటూరునాగారం వైపు ఇంకా ఎత్తు. కాబట్టి మేఘం నడుము, తల కనిపిస్తాయి, కాళ్ల దగ్గర జరిగేది కనిపించదు. వానకన్నా ముందు దూసుకొచ్చే చల్లగాలి ఆ కాళ్ల దగ్గరిదే. మేఘం నుంచి కిందికి కుమ్మరించినట్టు దిగిన గాలి నేలను తాకి నాలుగు దిక్కులా పరుచుకుంటుంది, పది కిలోమీటర్ల దూరంలో కురుస్తున్న వాన తాలూకు దుమారం మీ వాకిట్లోకి వస్తుంది. దుమ్ము లేచి, ఎండుటాకులు గుండ్రంగా తిరిగి, వేడి ఒక్కసారిగా తగ్గిందంటే మీకు మిగిలింది పది, పదిహేను నిమిషాలు.

వాట్సాప్‌లో "రాబోయే 48 గంటల్లో భారీ" అని వస్తుంటుంది. నమ్మొచ్చా?

దాంట్లో జారీ చేసిన తేదీ, టైం ఉన్నాయా చూడండి. లేకపోతే డిలీట్ చేయండి.

వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి ఉన్నాయి, కాంటా ఇంకా కాలేదు. హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

ఈ జవాబు పెద్దది, ఎందుకంటే దెబ్బ తిన్నవాణ్ని.

ఒక యాసంగికి మా వడ్లు ఆరు రోజులు కేంద్రంలో ఉన్నాయి. గన్నీ సంచులు లేవని రెండు రోజులు, లారీ రాలేదని మూడు రోజులు. ఆరో రోజు పొద్దున ఎల్లో అలర్ట్. పరదాలు ట్రాలీలో ఉన్నాయి, తీద్దామంటే మా తమ్ముడు "నిన్న గూడ గిట్లనే అన్నరు" అన్నాడు. నిజంగానే మూడింటి దాకా ఆకాశం తెల్లగా ఉంది. నాలుగున్నరకు పడమట దుమ్ముగోడ లేచింది. మేం పరుగెత్తి కప్పేలోపు పక్క కుప్ప మీది పరదా గాలిపటంలా లేచి కరెంటు తీగల దాకా పోయింది, వాళ్లు నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టారంతే. మా కుప్ప పైన తడవలేదు. కానీ పోసింది రోడ్డుకు పల్లం వైపు. నీళ్లు రోడ్డు మీంచి జారి కుప్ప కిందికి దూరాయి. తెల్లారి పరదా తీసి చెయ్యి పెడితే మణికట్టు దాకా పొడి, దాని కింద వెచ్చగా, తడిగా, పులిసిన వాసన. మళ్లీ ఆరబోశాం. తేమ మిషన్ 21 చూపించింది. 17 శాతం దాటితే తీసుకోరు. వానెక్కడో లేచి మా కుప్ప మీద పడింది, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

అప్పటి నుంచి మేం చేసేది ఇది. కుప్ప మిట్ట మీదే పోస్తాం, చోటు దొరక్కపోతే ఎగువ వైపు పారతో జానెడు కాలువ తీస్తాం. పరదా కుప్ప కన్నా రెండడుగులు వెడల్పుండాలి, అంచుల మీద రాళ్లకు బదులు ఇసుక సంచులు వరసగా పెట్టాలి, పైనుంచి తాడు అడ్డంగా లాగి కట్టాలి. ఎల్లో ఉన్న రోజు రెండింటికే సగం కప్పి ఉంచుతాం, అప్పుడు దుమారం వచ్చాక మిగతా సగానికి ఇద్దరు చాలు. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే పరదా తీసేయాలి. మూసి ఉంచితే లోపల ఉక్కకు మొలకలొస్తాయి, గింజ రంగు మారుతుంది. ఎనుమాముల యార్డుకు మిర్చి తెచ్చే వాళ్లకు ఒక్కటే మాట: హెచ్చరిక ఉన్న రోజు బస్తాలు షెడ్డు బయట దించుకోవద్దు. మిర్చి తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది.

రాళ్ల వాన ఎప్పుడు పడుతుందో ముందే తెలుస్తుందా?

జిల్లా స్థాయిలో "వడగండ్లు పడే అవకాశం" అని చెప్తారు, ఏ ఊరో చెప్పలేరు. మన ఎండాకాలంలో కూడా అయిదు కిలోమీటర్ల ఎత్తుకు పోతే గడ్డకట్టే చలి ఉంటుంది. మేఘంలో గాలి బలంగా పైకి తోస్తుంటే నీటిబొట్లు అక్కడే తిరుగుతూ పొర మీద పొర మంచు కట్టి, మోయలేనంత అయ్యాక రాలతాయి. మే నెల కన్నా మార్చి, ఏప్రిల్‌లో భయం ఎక్కువ, పైన చలి ఇంకా పోయి ఉండదు కాబట్టి. 2023 మార్చిలో ఉమ్మడి వరంగల్, ఖమ్మం, కరీంనగర్ జిల్లాల్లో మక్క, మిర్చి, మామిడి నేలకొరిగినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పొలాలు చూసి ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు. పంట నష్టం లెక్కల్లో 33 శాతం అన్నది గీత, అంతకు తగ్గితే రాయరు. కాబట్టి చేను దున్నకముందే ఫొటోలు తీసి, ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పి, పేరు రాయించుకోండి.

పిడుగు ఎంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుంది?

మెరుపు కనిపించగానే లెక్క పెట్టండి. ఉరుము వినిపించేదాకా ఎన్ని సెకన్లయితే దాన్ని మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. ముప్పై సెకన్లంటే పది కిలోమీటర్లు, అంటే మీరు దాని అందుబాటులో ఉన్నట్టే. తల మీద మేఘం లేకపోయినా, వాన మొదలవకపోయినా పిడుగు అంత దూరం పడగలదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. వాన వెలిసిందని చేలోకి దిగి పోయిన వాళ్లున్నారు.

"అర్జునా, ఫల్గుణా" అనుకోవడం మా నానమ్మ నేర్పింది, నేను ఇప్పటికీ అనుకుంటాను. ఇంట్లోకి నడుస్తూ అనుకుంటాను.

బయట చిక్కుకుపోతే: తాటిచెట్టు, ఒంటరి చింతచెట్టు, కరెంటు స్తంభం, చెరువు నీళ్లు, వీటికి దూరంగా జరగండి. కారు, బస్సు ఎక్కితే మంచిదే, ట్రాక్టర్, బండి పనికిరావు. ఏమీ లేకపోతే పల్లంలో పాదాలు దగ్గర పెట్టి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు. గీత పనివాళ్లకు ఇది మరీ కష్టం, సాయంత్రం చెట్టెక్కే వేళకే మొగులవుతుంది. ఉరుము వినిపించాక మాత్రం ఎక్కకండి, కల్లు రేపు కూడా ఉంటుంది.

ఒక్క పిడుగుకు చెట్టు కింది గొర్రెలన్నీ ఎలా పోతాయి?

చెట్టు మీద పడ్డ పిడుగు నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. గొర్రె ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ కాబట్టి ఆ కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి గుండె మీదుగా ఇంకో కాలి నుంచి దిగుతుంది. మనల్ని పాదాలు దగ్గర పెట్టుకోమనేది కూడా ఇందుకే. మందను చెట్టు కిందికి తోలకుండా మైదానంలో చెదరగొట్టి వదిలేస్తే కొన్నయినా మిగులుతాయి.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకోవచ్చా?

ముట్టుకోవచ్చు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఈ భయంతోనే ఆ మొదటి అయిదు నిమిషాలు పోగొడుతున్నారు. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. పేడలో, మట్టిలో పాతిపెట్టడం వద్దు. సెల్‌ఫోన్ మాట్లాడితే పిడుగు పడుతుందన్నది ఉత్తదే, కానీ చార్జింగ్‌కు పెట్టిన ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవద్దు.

ఇంటి దగ్గర ఏం చూసుకోవాలి?

మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంచకండి, ఖాళీ ట్యాంకు ఎగురుతుంది. రేకుల మీద పెట్టిన రాళ్లు భద్రత అనుకుంటాం గానీ రేకు లేస్తే ఆ రాయే ముందు పడుతుంది, బోల్టులు బిగించండి. టీవీ, మోటారు ప్లగ్గులు పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోకుండా 1912కి ఫోన్ చేయండి.

గట్టిగా ఒక వాన పడింది. పత్తి గింజలు పెట్టేయొచ్చా?

వద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అలాంటి ఎండ ఇంకా వెనకాలే ఉంది. తేలిక నేలల్లో 50-60, బరువు నేలల్లో 60-75 మిల్లీమీటర్లు పడ్డాకే పత్తి విత్తుకోమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్తుంది. మే నెల గాలివాన పాతిక మిల్లీమీటర్లిస్తే గొప్ప, అందులో సగం పారిపోతుంది. ఎండిన నేల పైపొర గట్టిపడి ఉంటుంది కదా. మిగిలిన తేమను ఎండ రెండు మూడు రోజుల్లో లాగేస్తుంది. బోర్లలోకీ అంతే, ఒక్క వానకు నీళ్లు పెరగవు. మీకు కనిపించే తేడా ఆ రెండు రోజులు మోటార్లు తక్కువ నడవడం వల్లే. దుక్కి దున్నుకోవడానికి మాత్రం బంగారంలాంటి అదును, దాన్ని వదులుకోవద్దు.

మా ఊళ్లో ఎంత పడిందో మేమే కొలుచుకోవచ్చా?

కొలుచుకోవచ్చు. అంచులు నిటారుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి, స్కేలు ఒకటి చాలు. గోడకూ చెట్టుకూ దూరంగా, గాలికి పడిపోకుండా రెండిటుకల మధ్య పెట్టండి. ఉదయం 8:30కి లోపలి నీటి ఎత్తు మిల్లీమీటర్లలో చూడండి. పది మిల్లీమీటర్లంటే ఎకరం మీద దాదాపు 40,000 లీటర్లు పడ్డట్టు. వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే "భారీ వర్షం".

కొన్న వర్షమానిని అయితే దాని గరాటు చూస్తూ ఉండండి. వానల్లేని నెలల్లో దాంట్లో పడేవి వేపపూలు, దుమ్ము, సాలీడు గూడు. ఒకసారి నెలన్నర తర్వాత వచ్చిన మొదటి వానకు వీధంతా నీళ్లు పారాయి, మా పక్కింటాయన గోడ అవతలి నుంచి "ఎంత పడ్డది సార్?" అన్నాడు. మేడెక్కి చూస్తే గరాటు నిండా నీళ్లు, గొంతులో వేపపూల ముద్ద, కింద గాజుగొట్టంలో రెండు మిల్లీమీటర్లు. ఆ రోజు నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాను.